ధర పెరిగింది... పిస్టన్ మారిందా?

టాప్ మోడల్‌కు పైసలు ఎక్కువ పెడితే లోపల సామాను కూడా మంచిది వేస్తారని ఊళ్లో గట్టి నమ్మకం. హెడ్డు విప్పి చూస్తే సంగతి వేరేగా ఉంది.

నాగర్‌కర్నూల్ జిల్లా కోడేరు బస్టాండు ముందు పావుగంట నిలబడి బండ్ల నంబరు ప్లేట్లు చదివితే ఈ ప్రాంతం చరిత్ర కొంత తెలుస్తుంది. ఏపీ 22 అని ఉన్న పాత హీరో హోండాలు ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్ నంబరు వేసుకున్నవి. టీఎస్ 06 అంటే తెలంగాణ వచ్చాక, జిల్లా చీలకముందు కొన్నది. 2016 అక్టోబరులో నాగర్‌కర్నూల్ జిల్లా ఏర్పడ్డాక టీఎస్ 31 వచ్చింది. టీజీ 31 కనబడితే 2024 మార్చి తర్వాత రోడ్డెక్కిన బండి అన్నట్టు. ప్లేటుతో పాటు బండీ మారుతూ వచ్చింది. ఏపీ 22 మీద ఎక్కువగా స్ప్లెండర్లు, ప్యాషన్లు, సీడీ 100లు. ఇప్పుడు వాటి పక్కనే బుల్లెట్లు, అపాచీలు, డ్యూక్‌లు ఆగుతున్నాయి. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు అందినచోట వేరుశనగ చేలు కొన్ని వరి మళ్లయ్యాయి. హైదరాబాద్‌లో పనిచేసే పిల్లలు నెలనెలా కిస్తీ కట్టగలుగుతున్నారు. దాంతో బండి కొనే ముందు ఇంట్లో జరిగే వాదనా మారింది.

తండ్రికి స్ప్లెండర్ చాలు. కొడుక్కి అంతకంటే పెద్దది కావాలి, అందులోనూ టాప్ మోడల్ కావాలి. అందం కోసం అంటే నాయిన ఒప్పుకోడు కాబట్టి ఇంజిన్‌ను అడ్డుపెడతాడు. ‘గదే ఇంజిన్ కాదు నాయినా, దీనికి లోపల పిస్టన్, క్రాంకు అన్నీ వేరే వస్తయి, మస్తు రోజులు ఉంటది’ అంటాడు. షోరూంలో సేల్స్ పిల్లగాడు తల ఊపుతాడు. ఊపకపోతే అతని టార్గెట్ ఎవరు పూర్తిచేస్తారు?

ఒకే పేరున్న బండిలో కింది వేరియంట్ నుంచి పై వేరియంట్‌కు వెళ్తే ఇంజిన్‌లో ఒక్క నట్టు కూడా మారకపోవడమే మామూలు. మోడల్ పేరు మారినా, ట్యాంకు మీద కంపెనీ బొమ్మే మారినా లోపల అదే ఇంజిన్ ఉన్న బండ్లు బోలెడు. నిజంగా మారినవీ ఉన్నాయి. అవి మనవాళ్లు వెతికే చోట లేవు, అంతే.

యాభై మిల్లీమీటర్ల బోరు

మొదట స్ప్లెండర్‌నే చూద్దాం. 1985లో వచ్చిన సీడీ 100 ఇంజిన్‌నే 1994లో స్ప్లెండర్‌కు పెట్టారు. 97.2 సీసీ, బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 49.5. 2001లో ప్యాషన్ దిగినప్పుడు పట్నం పిల్లల కోసం ట్యాంకు, సీటు, రంగులు మార్చారు, ధర పెంచారు. లోపల మాత్రం అదే 97.2 సీసీ. ఈ మధ్య కాలంలో అమ్మిన హెచ్‌ఎఫ్ డీలక్స్, స్ప్లెండర్ ప్లస్, దాని ఎక్స్‌టెక్ రకం, ప్యాషన్ ప్లస్ కాగితాలు నాలుగూ పక్కపక్కన పెట్టండి. శక్తి 8.02 పీఎస్, టార్క్ 8.05 న్యూటన్ మీటర్లు. నాలుగింటిలోనూ అవే అంకెలు. ఎక్స్‌టెక్‌కు అదనంగా ఇచ్చే వేలు డిజిటల్ మీటరుకు, బ్లూటూత్‌కు, ఫోను చార్జింగ్‌కు, ముందు లైటు సోకుకు. పొలం గట్టు మీద ఫోను చచ్చిపోయినప్పుడు ఆ చార్జింగ్ విలువ తెలుస్తుందనుకోండి, దాన్ని కాదనలేం. కానీ అది పిస్టన్ కాదు.

హోండాలోనూ అంతే. షైన్ 125, ఎస్పీ 125 రెండింటిలో 123.94 సీసీ ఇంజినే. ఎస్పీ చూడ్డానికి కుర్రది, షైన్ పెద్దమనిషి. యమహాలో ఆర్15కీ, దానికంటే ఖరీదైన ఆర్15ఎంకీ ఒకటే 155 సీసీ ఇంజిన్, ఒకటే 18.4 పీఎస్. రంగు, మీటరు, క్లచ్ పట్టకుండా గేరు వేసే క్విక్‌షిఫ్టర్ లాంటివి కలిపి పక్కన ‘ఎం’ చేర్చారు.

ఇక బుల్లెట్. దీని మీదే ఊళ్లో ఎక్కువ పంచాయితీ. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల ఇప్పటి 350 బండ్లన్నిటికీ జె-సిరీస్ అనే ఒకే ఇంజిన్ ఉంది. 349 సీసీ, బోరు 72 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 85.8, శక్తి 20.2 బీహెచ్‌పీ, టార్క్ 27 న్యూటన్ మీటర్లు. 2020 నవంబరులో మీటియర్‌తో మొదలై 2021 సెప్టెంబరులో క్లాసిక్‌కు, 2022 ఆగస్టులో హంటర్‌కు, 2023 సెప్టెంబరులో బుల్లెట్‌కు చేరింది. విడుదలైన రోజున క్లాసిక్ కింది రకం ఎక్స్‌షోరూం ధర 1.84 లక్షలు, క్రోమ్ రకం 2.15 లక్షలు. తేడా 31 వేలు. ఆ డబ్బుకు ట్యాంకు మీద అద్దంలాంటి మెరుపు వచ్చింది, వెనక డ్రమ్ముకు బదులు డిస్కు వచ్చింది, ఏబీఎస్ ముందు చక్రంతో ఆగకుండా వెనక చక్రానికీ వచ్చింది. మరుసటి ఏడాది హంటర్ కింది రకం లక్షన్నరకు వంద రూపాయలు తక్కువకే దిగింది. అంటే ఒకే ఇంజిన్ మీద కూర్చోవడానికి అటు చివర నుంచి ఇటు చివరకు దాదాపు 65 వేల తేడా. హంటర్ తోలేవాడి పిస్టన్ చౌకదీ కాదు, క్రోమ్ క్లాసిక్ తోలేవాడిది ఖరీదైనదీ కాదు.

650 సీసీలోనూ అదే కథ. 2018లో ఇంటర్‌సెప్టర్, కాంటినెంటల్ జీటీలతో వచ్చిన 648 సీసీ జంట సిలిండర్ల ఇంజినే ఆ తర్వాత సూపర్ మీటియర్‌కు, షాట్‌గన్‌కు కూర్చుంది.

అప్పట్లో నిజంగానే వేరు

ఊరివాళ్ల నమ్మకం గాల్లోంచి పుట్టలేదు. పాతికేళ్ల కింద బుల్లెట్ల విషయంలో అది నిజమే. 2002లో వచ్చిన థండర్‌బర్డ్‌లో ఆస్ట్రియాకు చెందిన ఏవీఎల్ సంస్థ సాయంతో చేసిన అల్యూమినియం లీన్‌బర్న్ ఇంజిన్ ఉండేది. అదే షోరూంలో పక్కన నిలబెట్టిన మామూలు బుల్లెట్‌లో పాత కాస్ట్ ఐరన్ ఇంజిన్, కుడికాలి గేరు. ధరతో పాటు ఇంజిన్ కూడా మారేది. ఒకదాని సామాను మరోదానికి సరిపోక మెకానిక్‌లు తిట్టుకునేవారు కూడా. 2008-2010 మధ్య యూసీఈ ఇంజిన్ వచ్చి ఆ రెండింటినీ పక్కకు నెట్టింది. అప్పటి నుంచి కంపెనీ దారి ‘ఇంజిన్ ఒకటి, బండ్లు పది’. మనవాళ్ల మాట మాత్రం ఏవీఎల్ కాలంలోనే ఆగింది.

ఇంకో పాత నమ్మకం ఆర్ఎక్స్ 100ది. 98 సీసీ టూస్ట్రోక్, 11 హార్స్‌పవర్. 1985లో వచ్చి 1996 దాకా అమ్ముడైంది. మొదట్లో విడిభాగాలు జపాన్ నుంచి దిగుమతి చేసుకుని ఇక్కడ బిగించేవారు, తర్వాత క్రమంగా దేశీ భాగాలు వచ్చాయి. అందుకే ఇవాళ్టికీ పాత బండి బేరంలో ‘జపాన్ ఇంజిన్’ అనే మాటకు వేరే రేటు పలుకుతుంది. పైకి ఒకే బండి, ఒకే పేరు, లోపల సామాను వేరు. టాప్ మోడల్ గురించి ఇప్పుడు చెప్పుకునే కథ అసలు సరిపోయేది ఈ బండికే. వింతేమిటంటే ఆ తేడాకు కంపెనీ అప్పుడు పైసా కూడా అదనంగా అడగలేదు. రేటు పెంచింది తర్వాత వచ్చిన మోజుపరులు.

మార్చడానికి వాళ్లకేం నొప్పి?

లక్షన్నర బండికీ రెండు లక్షల బండికీ ఒకే పిస్టన్ ఎందుకు వేస్తారని అడగొచ్చు. పిస్టన్ ఒక్కటీ మారిస్తే అది అక్కడితో ఆగదు. పిస్టన్ బరువు మారితే క్రాంక్ షాఫ్ట్ బరువు మళ్లీ సరిచూడాలి, లేకపోతే హ్యాండిల్ వణుకుతుంది. మంట మండే తీరు మారితే పొగ మారుతుంది. పొగ మారితే పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థల్లో మళ్లీ పరీక్షకు నిలబడాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 నిబంధనలు వచ్చాక ఆ పరీక్ష మరీ కఠినమైంది. వీటికి తోడు కొత్త అచ్చులు, ఫ్యాక్టరీలో వేరే వరస, ఊరూరా స్పేర్‌పార్టుల కొట్లలో మరో డబ్బా. ట్యాంకుకు క్రోమ్ పూత వేయడానికి ఈ బాధలేవీ లేవు. అకౌంట్స్ తెలిసినవాడు ఎవడైనా క్రోమ్ వైపే మొగ్గుతాడు.

కాబట్టి ఒక బండికి కాస్త వేరే స్వభావం కావాలంటే కంపెనీలు తేలిక దారి చూస్తాయి. వెనక స్ప్రాకెట్‌కు రెండు పళ్లు అటూ ఇటూ చేస్తాయి. సైలెన్సర్ మారుస్తాయి. పెట్రోలు ఎంత, ఎప్పుడు చిమ్మాలో చెప్పే ఈసీయూలో లెక్కలు మారుస్తాయి. తోలేవాడికి తేడా తెలుస్తుంది. విప్పి చూస్తే లోపల అదే పిస్టన్.

హోసూరు నుంచి రెండు పేర్లతో

కంపెనీ పేరు మారితేనో? దీనికి మంచి ఉదాహరణ మన దక్షిణాదిలోనే ఉంది. తమిళనాడులోని హోసూరులో టీవీఎస్ ఫ్యాక్టరీ ఉంది. టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310, బీఎండబ్ల్యూ జీ 310 ఆర్ రెండూ అక్కడే తయారయ్యాయి. రెండింటికీ 312.2 సీసీ, బోరు 80, స్ట్రోక్ 62.1, శక్తి 34 పీఎస్. సిలిండర్‌ను వెనక్కి వాల్చి పెట్టిన ఆ విచిత్రమైన అమరిక కూడా రెండింటిలో ఒకటే. అపాచీ 2017 డిసెంబరులో 2.05 లక్షలకు వచ్చింది. బీఎండబ్ల్యూ 2018 జులైలో 2.99 లక్షలకు వచ్చింది. పైగా ముందు నుంచి వెనక దాకా ప్లాస్టిక్ కవచం తొడుక్కున్నది చౌక బండే. 2020 అక్టోబరులో బీఎస్ 6 బీఎండబ్ల్యూను 2.45 లక్షలకు తెచ్చారు. అదే సీసీ, అదే 34 పీఎస్. అరలక్షకు పైగా తగ్గింది కదా, మరి లోపల పిస్టన్ నాసిరకం వేశారా? లేదు. తగ్గింది గుండ్రటి నీలం తెలుపు బొమ్మ రేటు.

హార్లే డేవిడ్‌సన్ ఎక్స్440ది ఇంకా తాజా సంగతి. 2023 జులైలో 2.29 లక్షలకు వచ్చిన ఆ బండిని తయారుచేసేది హీరో. కొన్ని నెలలకు, 2024 మొదట్లో, అదే 440 సీసీ ఇంజిన్‌తో హీరో తన సొంత పేరు మీద మావ్రిక్‌ను 1.99 లక్షల నుంచి అమ్మింది. శక్తి రెండింటికీ 27 పీఎస్ పైచిలుకు. టార్క్ ఒకదానికి 38, మరోదానికి 36 న్యూటన్ మీటర్లు. ఆ రెండు న్యూటన్ మీటర్ల తేడా కోడేరు నుంచి కొల్లాపూర్ దాకా తోలినా చేతికి తెలియదు.

మారినవి ఎక్కడ?

నిజంగా లోపలి భాగాలు మారిన బండ్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ కథ కాస్త సరదాగా ఉంటుంది.

2012లో పుణె దగ్గరి చాకన్ నుంచి రెండు 200 సీసీ బండ్లు వచ్చాయి. జనవరిలో కేటీఎం డ్యూక్ 200, కొన్ని నెలలకు పల్సర్ ఎన్ఎస్ 200. రెండూ 199.5 సీసీ, రెండింటికీ బోరు 72, స్ట్రోక్ 49. అంతవరకే చూస్తే అన్నదమ్ములే. హెడ్డు విప్పితే తేడా బయటపడుతుంది. వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్‌లు డ్యూక్‌లో రెండు, ఎన్ఎస్‌లో ఒకటి. స్పార్క్ ప్లగ్గు డ్యూక్‌లో ఒకటి, ఎన్ఎస్‌లో మూడు. డ్యూక్‌కు 25 పీఎస్, ఎన్ఎస్‌కు 23.5. ధర అప్పట్లో డ్యూక్‌కు 1.17 లక్షలు, ఎన్ఎస్‌కు 84 వేల చిల్లర. అంటే ఇక్కడ కొడుకు మాటే గెలిచింది, ఎక్కువ పైసలకు ఇంజిన్‌లో వేరే సామాను వచ్చింది. అయితే దానివల్ల చేతికి చిక్కింది ఒకటిన్నర పీఎస్. మిగిలిన 30 వేలలో ఫ్రేము, సస్పెన్షన్, నారింజ రంగు వాటా ఎంతో లెక్కేసుకోండి.

డొమినార్ 400 మరో దారిలో వచ్చింది. 2016 డిసెంబరులో దిగినప్పుడు ఒకే క్యామ్, 35 పీఎస్. 2019లో క్యామ్‌లు రెండు చేశారు, శక్తి 40కి చేరింది. ఇక్కడ ఇంజిన్ మారింది ఖరీదైన వేరియంట్ కొన్నవాళ్లకు కాదు, రెండేళ్లకు పైగా ఆగి కొన్నవాళ్లకు.

అన్నిటికంటే నాకు నచ్చింది అపాచీల సంగతి. 2023 సెప్టెంబరులో టీవీఎస్ ఆర్టీఆర్ 310ని 2.43 లక్షలకు తెచ్చింది. పాత 312 సీసీ ఇంజినే, కానీ లోపల తేలికైన ఫోర్జ్‌డ్ పిస్టన్, శక్తి 35.6 పీఎస్. అప్పటికే షోరూంలో 2.72 లక్షలకు అమ్ముతున్న అన్నగారు ఆర్ఆర్ 310 మాత్రం 34 పీఎస్ దగ్గరే ఉన్నాడు. చౌక తమ్ముడికి ముందు మంచి పిస్టన్ దక్కింది. పెద్దాయనకు వంతు వచ్చేసరికి మరో ఏడాది పట్టింది. 2024 సెప్టెంబరులో ఆయన 38 పీఎస్‌కు చేరాడు.

ట్రయంఫ్‌లో ఇంకో తిరకాసు. స్పీడ్ 400 కంటే తక్కువ ధరకు 2024లో స్పీడ్ టీ4 వచ్చింది. అదే 398 సీసీ. 40 పీఎస్‌ను 31కి దించడానికి క్యామ్ మార్చారు. కింది వేగాల్లో లాగుడు బాగుండాలని చేసిన పని అది. ఇక్కడ వేరే భాగం వేసింది చౌక బండికి. ట్రాఫిక్‌లో, మట్టి రోడ్ల మీద మెల్లగా పోయేవాడికి ఆ ‘తక్కువ’ ఇంజినే హాయి. ఏది పై రకం, ఏది కింది రకం అని ఈ రెండింటి మధ్య తీర్పు చెప్పమంటే నేను తప్పుకుంటాను.

ఇంజిన్‌లో నిజంగా కొత్త సంగతి ఉంటే కంపెనీలు దాన్ని ఎంత ప్రాణంగా చూసుకుంటాయో తెలియాలంటే బజాజ్, టీవీఎస్‌ల వ్యాజ్యం చూడాలి. పల్సర్‌లోని రెండు స్పార్క్ ప్లగ్గుల పద్ధతికి బజాజ్ పేటెంటు తీసుకుంది. 2007లో టీవీఎస్ ఫ్లేమ్ అనే 125 సీసీ బండిని రెండు ప్లగ్గులతో ప్రకటించగానే గొడవ మద్రాస్ హైకోర్టుకెక్కింది. 2008 ఫిబ్రవరిలో బజాజ్‌కు అనుకూలంగా ఇంజంక్షన్ వచ్చింది. తర్వాత పై బెంచి దాన్ని ఎత్తేసింది. 2009 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఈ తగువులో రెండు కంపెనీలు రాజీపడింది 2019లో. ఒక్క ప్లగ్గు కోసం పన్నెండేళ్లు. టాప్ వేరియంట్‌లో నిజంగా మేలైన పిస్టన్ ఉంటే కంపెనీ దాన్ని కరపత్రంలో చెప్పకుండా ఊరుకునే రకమా?

స్ప్లెండర్ కంటే పొట్టి స్ట్రోక్

ప్రపంచంలో అసలైన ‘పై రకం ఇంజిన్ భాగాలు’ ఉన్నచోటు రేసు బండ్లది. అక్కడా మధ్యరకం కొన్నవాడు మోసపోతాడు. డుకాటీ పానిగాలే వీ4కూ వీ4 ఎస్‌కూ మన దగ్గర ధరలో లక్షల్లో తేడా. ఇంజిన్ మాత్రం ఒకటే 1,103 సీసీ. ఎస్‌లో వేరేగా వచ్చేవి ఓలిన్స్ ఎలక్ట్రానిక్ సస్పెన్షన్, ఫోర్జ్‌డ్ చక్రాలు, తేలిక బ్యాటరీ. పిస్టన్, కనెక్టింగ్ రాడ్ మారాలంటే ఇంకా పైకి, వీ4 ఆర్ దాకా పోవాలి. 998 సీసీ, టైటానియం కనెక్టింగ్ రాడ్లు. 2023లో దాని ధర 70 లక్షలకు చేరువ. బీఎండబ్ల్యూ ఎం 1000 ఆర్ఆర్‌లోనూ టైటానియం రాడ్లు, ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేసింది రేసు నిబంధనలకు సరిపడే బండి కావాలనే.

ఎందుకంత ఖర్చు? ఒక చిన్న లెక్క చూద్దాం. వీ4 ఆర్ స్ట్రోక్ 48.4 మిల్లీమీటర్లు. స్ప్లెండర్ స్ట్రోక్ 49.5. అంటే 70 లక్షల బండి పిస్టన్ మన స్ప్లెండర్ పిస్టన్ కంటే ఒక మిల్లీమీటరు తక్కువ దూరమే పైకీ కిందికీ తిరుగుతుంది! తేడా అంతా తిరిగే వేగంలో ఉంది. స్ప్లెండర్ గరిష్ఠ శక్తి ఇచ్చేది 8,000 ఆర్‌పీఎం దగ్గర. అక్కడ దాని పిస్టన్ నిమిషానికి 16 వేల సార్లు ఆగి వెనక్కి తిరుగుతుంది. సగటు వేగం సెకనుకు 13 మీటర్లు. వీ4 ఆర్ టాప్ గేరులో 16,500 దాకా తిరుగుతుంది, సగటు వేగం సెకనుకు 26 మీటర్లు దాటుతుంది. ఆగి తిరిగే ప్రతిసారీ రాడ్డు మీద పడే లాగుడు ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. రెట్టింపు వేగమంటే నాలుగింతల పైన లాగుడు. ఆ లాగుడుకు మామూలు రాడ్డు తెగుతుంది కాబట్టి టైటానియం. స్ప్లెండర్‌కు టైటానియం రాడ్డు వేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. అది బతికినన్నాళ్లూ ఆ రాడ్డుకు కష్టమంటే ఏమిటో తెలియదు.

బుల్లెట్ లెక్క ఇంకో రకం. స్ట్రోక్ పొడవు 85.8 మిల్లీమీటర్లు కావడంతో 6,100 ఆర్‌పీఎంకే పిస్టన్ సగటు వేగం సెకనుకు 17 మీటర్లు దాటుతుంది. అందుకే దాన్ని నాలుగు వేల దగ్గర, టార్క్ ఉన్నచోట తోలుకోవాలి. పిండితే పిండుతుంది గానీ దాని సుఖం అక్కడ లేదు.

హాఫ్ ఇంజిన్, ఫుల్ ఇంజిన్

ఫోర్జ్‌డ్ అంటే మంచిది, కాస్ట్ అంటే నాసి అనుకోవద్దు. కంచరి పోత పోసినట్టు కరిగించి అచ్చులో పోస్తే కాస్ట్ పిస్టన్. కమ్మరి సమ్మెటతో కొట్టినట్టు లోహాన్ని ఒత్తిడితో ఆకారానికి తెస్తే ఫోర్జ్‌డ్. రెండోది గట్టిది, దెబ్బకు తట్టుకుంటుంది. కానీ దానికి వాడే మిశ్రమ లోహాల్లో చాలా రకాలు వేడికి ఎక్కువ వ్యాకోచిస్తాయి. అందుకని బోరులో కాస్త ఎక్కువ సందు వదలాలి. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు టకటక చప్పుడు వచ్చేది ఆ సందు వల్లే. రోజూ పొద్దున రెండు కిలోమీటర్లు పొలానికి పోయి ఆపేసే బండికి, ఇంజిన్ సరిగ్గా వేడెక్కకముందే పని అయిపోయే బండికి, కాస్ట్ పిస్టనే సరైనది. ఆ మాటకొస్తే ఎక్కువ సిలికాన్ ఉన్న కాస్ట్ పిస్టన్ లక్ష కిలోమీటర్లు దాటడం మన ఊళ్లలో వింతేం కాదు.

మెకానిక్ షెడ్డులో పాత స్ప్లెండర్ హెడ్డు విప్పినప్పుడు చూడండి. పిస్టన్ నెత్తిన నల్లటి బొగ్గు పేరుకుని ఉంటుంది. దాన్ని గీకితే కింద ‘ఇన్’ అనే అక్షరాలు బయటపడతాయి. ఆ వైపు ఇన్‌టేక్ వాల్వు ఉండాలని గుర్తు. తిప్పి బిగిస్తే తంటా. తర్వాత మెకానిక్ వేలిగోరును బోరు లోపల పైనుంచి కిందికి జారుస్తాడు. రింగులు చేరని పై అంచుకు, రింగులు రాసి రాసి అరిగిన కింది భాగానికి మధ్య గోరు టక్కున ఆగితే అక్కడ మెట్టు పడ్డట్టు. పొగ కొట్టడానికి, ఆయిల్ తాగడానికి కారణం అదే. అప్పుడు బ్లాకును లేతు దగ్గరికి పంపి బోరు కొట్టించి, పావు మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేస్తారు. దాన్ని ఫస్ట్ సైజు అంటారు. దాని నెత్తి మీద 0.25 అని గుద్ది ఉంటుంది. ఆ తర్వాత సెకండ్ సైజు. క్రాంకు జోలికి పోకపోతే హాఫ్ ఇంజిన్ పని, పోతే ఫుల్ ఇంజిన్.

ఖరీదైన బండ్ల దగ్గర ఈ వైద్యం పనిచేయదు. కేటీఎం సిలిండర్ లోపల నికసిల్ అనే పూత, మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. ఆర్15లో ఉక్కు లైనరే లేదు, సిలికాన్ దట్టంగా కలిపిన అల్యూమినియమే గోడ. వేడిని త్వరగా వదులుతాయి, నెమ్మదిగా అరుగుతాయి, ఇవి నిజంగా మేలైన భాగాలే. కానీ గీత పడితే బోరు కొట్టే ప్రశ్న లేదు. లేతువాడు తాకితే పూత పోతుంది. మొత్తం బ్లాకు, పిస్టన్ కిట్టు కొత్తది తెప్పించాలి. హైదరాబాద్ నుంచి సెకండ్‌హ్యాండ్ డ్యూక్ తెచ్చుకున్న పిల్లలకు ఈ సంగతి బిల్లు చేతిలో పడ్డాకే తెలుస్తుంది. మేలైన భాగం అంటే మేలైన ఖర్చు కూడా అని కొనేటప్పుడు ఎవరూ చెప్పరు.

మన వైపు ఇంజిన్‌ను చంపేది చాలావరకు దుమ్మే. వేరుశనగ పీకే రోజుల్లో, కోతల మిషన్లు తిరిగే రోజుల్లో చేను దారుల్లో తోలే బండికి ఎయిర్ ఫిల్టర్ నెలలోపే బూడిదరంగుకు తిరుగుతుంది. దుమ్ముకు వేరియంట్ తెలియదు. ఇక టాప్ మోడల్ కొన్నాం కదా అని బంకులో ప్రీమియం పెట్రోలు కొట్టించేవాళ్లు ఉన్నారు. చాలా ఏళ్లు మామూలు పెట్రోలు 91 ఆక్టేన్, అది 95గా ఉండేవి. జె-సిరీస్ కంప్రెషన్ నిష్పత్తి 9.5. అంత తక్కువ ఒత్తిడిలో 91కే ముందస్తు పేలుడు భయం లేదు, 95 ఆక్టేన్‌తో ఒరిగేదేం లేదు.

పన్ను కూడా కలిసింది

ధరలో పిస్టన్‌కు సంబంధం లేని మరో పెద్ద ముక్క పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ, ఆ లోపు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అది దాటితే సెస్‌తో కలిపి 31 ఉన్నది 40 అయింది. 349 సీసీ బుల్లెట్ ఒక గట్టు మీద, 398 సీసీ ట్రయంఫ్ ఇంకో గట్టు మీద. ఆ పైన రాష్ట్రం వేసే జీవితకాలపు పన్నూ ధరను బట్టే. టాప్ వేరియంట్‌కు ఆన్‌రోడ్ లెక్క వేసేసరికి క్రోమ్ మీద కూడా పన్ను కట్టినట్టే.

ఇంజిన్ భాగాలను అందరికీ నిజంగా మెరుగుపరిచింది ఖరీదు కాదు, చట్టం. హీరో హోండా గ్లామర్‌లో ఫ్యూయల్ ఇంజెక్షన్ 2006లోనే వచ్చింది. అప్పుడు అది ఎక్కువ పైసలు పెట్టేవాళ్ల ముచ్చట, జనం పెద్దగా కొనలేదు. 2020లో బీఎస్ 6 రాగానే కార్బొరేటర్ పోయి హెచ్‌ఎఫ్ డీలక్స్‌కు సైతం ఇంజెక్టర్ వచ్చింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు తట్టుకునే రబ్బరు పైపులు, సీళ్లు కూడా అలాగే చౌక బండికీ ఖరీదు బండికీ కలిసే వచ్చాయి.

పార్టుల కౌంటర్ దగ్గర

తేల్చుకోవడానికి సులువైన దారి ఒకటుంది. సేల్స్ వాళ్లను వదిలి, అదే షోరూం వెనక ఉండే స్పేర్‌పార్టుల కౌంటర్‌కు వెళ్లండి. రెండు వేరియంట్ల పేర్లు చెప్పి పిస్టన్, సిలిండర్, క్రాంక్ షాఫ్ట్, క్యామ్ షాఫ్ట్ పార్ట్ నంబర్లు అడగండి. కంప్యూటర్లో క్యాటలాగ్ ఉంటుంది, రెండు నిమిషాల పని. నంబరు ఒకటైతే భాగం ఒకటే, అందులో అనుమానం లేదు. హోండా పద్ధతి మరీ బాగుంటుంది, హీరో కూడా అందులోంచే వచ్చింది. మొదటి అయిదంకెలు అది ఏ భాగమో చెబుతాయి. 13101 అంటే పిస్టన్, 12100 అంటే సిలిండర్. మధ్యలో మూడక్షరాలు ఆ భాగాన్ని మొదట ఏ మోడల్ కోసం గీశారో చెబుతాయి. కొత్తగా వచ్చిన బండి డబ్బా మీద పాత మోడల్ అక్షరాలు కనబడితే ఆ పిస్టన్ వయసు ఎంతో కౌంటర్ అతనే నవ్వుతూ చెబుతాడు.

నంబర్లు ఒకటే అని తేలాక మరో రెండు నంబర్లు అడగండి. ముందు బ్రేకుది, ఏబీఎస్ యూనిట్‌ది. షైన్‌లో డ్రమ్ము రకానికీ 240 మిల్లీమీటర్ల డిస్కు రకానికీ మధ్య తేడా, క్లాసిక్‌లో వెనక చక్రానికి కూడా ఏబీఎస్ వచ్చే రకం, పల్సర్ 150లో రెండు డిస్కులతో లావు ఫోర్కులు వచ్చే రకం. ఈ నంబర్లు నిజంగానే వేరుగా ఉంటాయి. రాత్రి పూట సింగోటం జాతర నుంచి ముగ్గురిని ఎక్కించుకొచ్చే పిల్లగాడికి, రోడ్డు మీద అడ్డంగా బర్రె నిలబడి ఉన్నప్పుడు, పనికొచ్చేవి ఇవే. నాయినను ఒప్పించాలంటే ఇంజిన్ కథ వదిలి ఈ మాట చెప్పమనండి, ఆయన పైసలు తీసే అవకాశం ఎక్కువ.